గడప బయటి సాంబ్రాణి

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. మంగళవారం మధ్యాహ్నం భోజనం చేసి, కొట్లో బేరం పలచబడిన వేళ చాప మీద నడుం వాల్చింది. కోడలు మజ్జిగ తెచ్చి పిలిస్తే పలకలేదు. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను. ఆఖరి గంట అయ్యాక బయటికి వస్తే మా అమ్మాయి గేటు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడూ అక్కడికి రాదు. "అమ్మమ్మ లేవట్లేదంట నాన్నా" అంది.

అమ్మమ్మ అంటే పెద్దమ్మే. ఆమె మాకు చుట్టం కాదు. కులం ఒకటి కాదు, మతం ఒకటి కాదు. వాళ్ళు గురజాలలో పచారీ కొట్టు పెట్టుకున్న వైశ్యులు. మేము క్రైస్తవులం. నేను బోర్డు హైస్కూల్లో పాఠాలు చెబుతాను. రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు మట్టిగోడ. అంతే సంబంధం.

ఇది చదివేవారిలో ఆమెను ఎరిగినవారు కొద్దిమందే ఉంటారు. ఆమె చేసిన గొప్ప పనులంటూ లేవు. బెల్లం, చింతపండు, వాము, కరక్కాయ అమ్మింది. కొడుకును పెంచింది. శుక్రవారం శుక్రవారం ఇంట్లో సాంబ్రాణి ధూపం వేసింది. నేను రాయదలచింది ఆ ధూపం గురించే. ఆమె గురించి చెప్పాలంటే నాకు వేరే దారి తెలియదు.

శుక్రవారం పొద్దు వాలుతుండగా పెద్దమ్మ పొయ్యిలోంచి పిడక నిప్పులు మట్టి మూకుట్లోకి తీసేది. కొబ్బరి పీచు కాస్త వేసి, తాటాకు విసనకర్రతో నిప్పు రాజేసి, ఆ మీద సాంబ్రాణి పొడి చిలకరించేది. ముందు కొట్టు, తర్వాత బస్తాలుండే గది, తర్వాత వంటిల్లు, ఆవుల కొట్టం. ప్రతి చోటా మూలల దగ్గర ఎక్కువసేపు ఆగేది. "నడవలో మనుషులు తిరుగుతారు, గాలి ఆడిద్ది. మూలల్లో ఎవరు తిరుగుతారు? ఆడ పొగ పట్టాల ముందు" అనేది.

తన ఇల్లు అయ్యాక మూకుడుతో మా ఇంటికి వచ్చేది. మా గుమ్మం ముందు నాపరాయి మెట్టు ఒకటి ఉంది. దాని మీద నిలబడి విసనకర్రతో లోపలికి విసిరేది. గడప దాటేది కాదు. నా భార్య అప్పటికే లోపలి తలుపులన్నీ తీసి పెట్టేది. పొగ ముందు గదిలో కాసేపు తచ్చాడి, పడకగదిలోకి, వంటింట్లోకి పోయి, పెంకుల సందుల్లోంచి బయటపడేది. ఎందుకు గడప దాటదో ఎవరూ అడగలేదు. అడగవలసిన సంగతి కాదు. మేమూ వాళ్ళ కొట్టు ముందున్న బల్ల దాకా వెళ్ళేవాళ్ళం. ఆ బల్లకు అవతల ఆ ఇంట్లో ఎన్ని గదులున్నాయో నాకు తెలియదు. మా వీధిలో అది అందరికీ తెలిసిన గీత. ఆమె గీసింది కాదు, నేను గీసింది కాదు.

కొత్తలో ఒకసారి అడిగాను. కాలేజీ చదువు ఇంకా తల మీద కూర్చున్న రోజులు.

"పొగకు దయ్యాలు పోతాయా పెద్దమ్మా?"

"దయ్యాల సంగతి నాకేం ఎరుక మాస్టరూ? నేనెప్పుడన్నా చూస్తేగా. దోమలు మాత్రం పోతై."

లోపలి నుంచి నా భార్య అందుకుంది. "దోమలు పోతే పోయినై గానీ పెద్దమ్మా, ఆయన్ను మాత్రం పోనియ్యమాక."

"అట్టాగేలే అమ్మాయ్. ఆయన మీదికి విసర్ను."

నేను ఆమెను మీరు అనేవాణ్ణి. నా భార్య మొదటి రోజు నుంచీ నువ్వు అంది. ఆ తేడా వాళ్ళిద్దరికీ సరిపోయింది.

ఒక శుక్రవారం మా చర్చి అయ్యగారు వచ్చారు. ఇల్లంతా పొగ కమ్ముకుని ఉంది. ఆయన గుమ్మంలోనే ఆగి, "ఏమ్మా, పూజలు మొదలుపెట్టారా?" అన్నారు. "లేదండీ, దోమలకు" అంది నా భార్య. గోడ అవతలి నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "మీ గుడి దోమలకైనా మా కొట్టు దోమలకైనా ఒకటే మందు గదండీ అయ్యగారూ." ఆయన నవ్వక తప్పలేదు. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మా అమ్మాయి పుట్టాక, పురిటి నీళ్ళు పోసినప్పటి నుంచి ఇంకొక అలవాటు మొదలైంది. నా భార్య తలంటుకున్న రోజున అరుగు మీద చాప వేసుకుని, తల దగ్గర గంప బోర్లించి, జుట్టంతా దాని మీద పరుచుకుని పడుకునేది. పెద్దమ్మ అరుగు చివర కూర్చుని సాంబ్రాణి మూకుడు గంప కిందికి తోసేది. గంప అల్లిక సందుల్లోంచి పొగ జుట్టులోకి పాకేది. జుట్టు చిక్కుపడితే పెద్దమ్మ విసనకర్ర కాడతో విడదీసేది. చేత్తో ముట్టుకునేది కాదు.

"నేనేమన్నా ఎద్దునా పెద్దమ్మా, కర్రతో అదిలిస్తన్నావు?"

"ఎద్దయితే గమ్మున పడుండేది. మెడ తిప్పబాక, నిప్పులు మీద పడతై."

"మరి నవ్వించబాక."

"నేను నవ్వించానా? ఏమే, నోరు నీదా నాదా?"

నేను లోపల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఇవన్నీ వినేవాణ్ణి. తల ఆరేసరికి పొద్దుగూకేది.

యుద్ధం వచ్చాక సాంబ్రాణి రావడం మానేసింది. అది తూర్పు సముద్రం అవతల దీవుల్లో పెరిగే చెట్ల బంక అని నేను ఎక్కడో చదివాను. కొట్లో ఖాళీ డబ్బా చూశాక ఆ దూరం అర్థమైంది. బియ్యానికి, గుడ్డకు, కిరసనాయిలుకు కటకటగా ఉన్న రోజులు. సాంబ్రాణి కోసం ఎవరు బాధపడతారు? పెద్దమ్మ బాధపడింది. సాయంత్రం నేను కొట్టు ముందు బల్ల మీద పేపరు చదువుతుంటే, ఎవరు గెలుస్తున్నారని ఆమె అడిగేది కాదు. "ఆ సాంబ్రాణి చెట్లున్న చోటు ఇప్పుడు ఎవరి చేతిలో ఉండాది మాస్టరూ?" అనేది. జపాను వాళ్ళ చేతిలో ఉందని చెప్పాను. "వాళ్ళకు దోమలు లేవా ఏంది, అంతా వాళ్ళే పెట్టుకున్నారు" అంది.

గుంటూరు నుంచి ఒక బేరగాడు తెల్లటి ముక్కలు తెచ్చి సాంబ్రాణే అన్నాడు. పెద్దమ్మ ఒక ముక్క నిప్పు మీద వేసి వాసన చూసింది. "తీసకపోయి బండి ఇరుసుకు రాసుకో అబ్బాయ్" అంది. ఆ సరుకు వేరే కొట్లలో బాగానే అమ్ముడుపోయింది. ఆమె మాత్రం మాచర్ల వైపు కొండల నుంచి అడవివాళ్ళు తెచ్చే గుగ్గిలం తెప్పించి, దాంట్లో ఎండు వేపాకు, వావిలాకు కలిపి వేసేది. ఆ పొగ ఘాటుగా, కొంచెం చేదుగా ఉండేది. నేను ముఖం చిట్లిస్తే, "నిప్పు కొంచెం, ఓపిక ఎక్కువ. ధూపమంటే అంతే. ఏం వేశామన్నది తర్వాతి మాట" అనేది.

ఆ కరువు రోజుల్లోనే నా భార్యకు దగ్గు పట్టుకుంది. నరసరావుపేట తీసుకువెళ్ళాను. అక్కడి డాక్టరు క్షయ అన్నాడు. విశ్రాంతి, పాలు, మంచి గాలి కావాలన్నాడు. పొగ సోకకూడదన్నాడు. ఇంటికి వచ్చి పొయ్యి పెరటి చివరికి మార్చాను. పెద్దమ్మకు గోడ మీదుగా సంగతి చెప్పాను. "సరే మాస్టరూ" అంది. ఆ శుక్రవారం మా మెట్టు మీదికి మూకుడు రాలేదు. రోజూ పొద్దున ఒక చెంబు పాలు మాత్రం గోడ మీదికి వచ్చేవి.

గాలి కోసం నా భార్య మంచం పెరట్లో గోడ పక్కన వేసేవాణ్ణి. పెద్దమ్మ అవతల ఆవుకు కుడితి పెడుతూ మాట్లాడేది. ఒక సాయంత్రం నా భార్య అడిగింది.

"ఏంది పెద్దమ్మా, మీ ఇంట్లో గూడా పొగ రావట్లేదు? ఇయాళ శుక్రవారం గదా."

"ఏం వెయ్యమంటావే? సాంబ్రాణి లేదు. గుగ్గిలం తెచ్చేవాళ్ళు కొండ దిగట్లేదు."

"వేపాకు?"

"ఉన్న నాలుగు రెమ్మలూ మేక తిన్నది."

"మీకు మేకెక్కడిది?"

"వీధి మేక."

నా భార్య నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. చాలాసేపు ఆగలేదు. పెద్దమ్మ అవతల నిలబడి, "నా నోరు పడిపోను, ఇంక నాతో మాట్లాడబాక" అని తన్ను తాను తిట్టుకుంటూ లోపలికి పోయింది. యుద్ధం రోజులు. గుగ్గిలం రావడం లేదంటే నేను నమ్మాను. నా భార్య నమ్మిందో లేదో తెలియదు.

వేసవిలో నా భార్య పోయింది.

డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. పక్కబట్టలు కాల్చేయాలి, గదికి సున్నం కొట్టించాలి, ఎండా గాలీ రానివ్వాలి, ఇంట్లో చిన్నపిల్ల ఉంది. మా చుట్టాలూ అదే చెప్పి వెళ్ళారు. పరుపు కాల్చాను. గిన్నెలు నీళ్ళలో మరిగించాను. ఆ గది తలుపు మాత్రం మూసి గొళ్ళెం పెట్టాను. కిటికీ కూడా తెరవలేదు. లోపల ఆమె దిండు ఉంది. తలుపు సందు దగ్గర నిలబడితే మందుల వాసన, జ్వరం వాసన వచ్చేవి. అంతకు మించి ఏమీ మిగల్లేదు నాకు. తలుపు తీస్తే అది కూడా పోతుంది. క్రిముల గురించి పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. తలుపు తీయలేకపోయాను.

కొన్నాళ్ళకు మా అమ్మాయికి పడిశం పట్టింది. మామూలు పడిశమే. పొద్దున నిద్ర లేచి దగ్గింది. ఆ దగ్గు గోడ అవతలికి వినిపించింది.

కాసేపటికి పెద్దమ్మ మూకుడు పట్టుకుని మా మెట్టు మీద నిలబడింది. ఆ రోజు శుక్రవారం కాదు.

"గది తలుపు తియ్యి మాస్టరూ."

"వద్దు పెద్దమ్మా."

"ఎందుకు వద్దు?"

"లోపల ఇంకా ఆమె వాసన ఉంది" అన్నాను.

ఆమె నా మీద జాలి చూపించలేదు. "అది అమ్మాయి వాసన గాదు నాయనా. అది రోగం వాసన. అమ్మాయి వాసన నాకు తెలుసు" అంది.

కొంగు ముడి విప్పింది. అందులో సాంబ్రాణి ముక్క ఉంది. అసలు సాంబ్రాణి. గోధుమరంగు మీద తెల్లటి మచ్చలు. ఎక్కడిదని అడిగాను.

"నాకోసం దాచుకున్నా. నన్ను తీసకపొయ్యాక ఇంట్లో వెయ్యమని. మావాడు గుగ్గిలంతో సరిపెడతాళ్ళే."

అని, పెద్దమ్మ గడప దాటింది. నేను పక్కకు జరిగాను. ఆమె నేరుగా వెళ్ళి గది గొళ్ళెం తీసింది. ముందు కిటికీ తెరిచింది. ఆ ముక్కను వేళ్ళతో నలిపి నిప్పు మీద వేసింది. తర్వాత మూలలు. నేను మా అమ్మాయిని పట్టుకుని ముందు గదిలో నిలబడ్డాను. పొగ తెల్లగా, దట్టంగా తలుపులోంచి మా మీదికి వచ్చింది.

ఆ వాసన చూసి చాలా కాలమైంది. అది జబ్బుకు ముందు వాసన. యుద్ధానికి ముందు వాసన. అరుగు మీద, గంప మీద జుట్టు పరుచుకుని, మెడ తిప్పకూడదు గనుక నవ్వాపుకుంటున్న మనిషి వాసన. మా అమ్మాయి ముఖం పైకెత్తి, "అమ్మ" అంది.

పెద్దమ్మ పని ముగించుకుని, మూకుడు తీసుకుని వెళ్ళింది. తర్వాత వాళ్ళ బావి గిలక చప్పుడు చాలాసేపు వినిపించింది. తలస్నానం చేసిందని నాకు తెలుసు. నేను తప్పు పట్టలేదు. చేయవలసి వస్తుందని తెలిసే వచ్చింది.

మర్నాడు దిండు కాల్చి, గదికి సున్నం కొట్టించాను. రోగాన్ని పోగొట్టేది సున్నమూ ఎండా అనే ఇప్పటికీ నా నమ్మకం. నేను ఆ కిటికీ మళ్ళీ మూయకుండా చేసింది మాత్రం ఆ సాంబ్రాణి ముక్క.

యుద్ధం ముగిశాక ఎప్పటికో డబ్బాలో మళ్ళీ సాంబ్రాణి వచ్చింది. శుక్రవారాలు వచ్చాయి. పెద్దమ్మ మళ్ళీ మెట్టు మీదనే ఆగింది. ఆ ఒక్కసారి తర్వాత ఎన్నడూ గడప దాటలేదు. ఆ మాట మేమిద్దరం ఎత్తలేదు. మా అమ్మాయి జుట్టు పెరిగింది. తల్లి పడుకున్న చోటే గంప బోర్లించుకుని పడుకునేది. ఒక సాయంత్రం స్కూలు నుంచి వస్తూ చూశాను. విసనకర్ర పక్కన పడి ఉంది. పెద్దమ్మ పిల్ల జుట్టు వేళ్ళతో విడదీస్తోంది. ఎప్పటి నుంచి అలా చేస్తోందో నాకు తెలియదు. వాళ్ళిద్దరూ నన్ను చూడలేదు. నేను చెప్పుల చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళాను.

ఇక మొన్నటి సంగతి. దహనం అయిన మర్నాడు పలకరించడానికి వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. కొట్టు తలుపులు సగం వేసి ఉన్నాయి. పెద్దమ్మ కొడుకు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు తనంతట తనే మొదలుపెట్టాడు.

"మీ ఇంట్లో అమ్మగారు మంచాన పడ్డప్పుడు, అమ్మ మా ఇంట్లో గూడా ధూపం మాన్పించింది మాస్టరూ. గాలి మీ వైపు కొడతదని."

నేను అతని వైపు చూశాను. "గుగ్గిలం దొరకలేదని చెప్పిందే."

"దొరక్కపోవడమేంది? బస్తా ఉండె లోపల. మా మేనత్తలు వచ్చి చానా మాటలన్నారు. వ్యాపారం చేసే ఇంట్లో శుక్రవారం ధూపం ఎయ్యకపోతే లచ్చిందేవి నిలుస్తదా అని. ఆ ఏడు బేరాలు గూడా అంతంతమాత్రం. నేను గూడా గట్టిగానే అడిగా."

"ఏమంది?"

"లచ్చిందేవికి దగ్గు లేదుగా, ఆగిద్దిలే, అంది."

అతను నవ్వబోయి తల దించుకున్నాడు.

శుక్రవారం వచ్చింది. సాయంత్రం పెరట్లో నిలబడితే గోడ అవతల ఏ అలికిడీ లేదు. పొగ లేదు. వెళ్ళి అడిగాను.

"మైల గదా మాస్టరూ" అన్నాడు కొడుకు. "కర్మలు అయిందాకా మేం వెయ్యగూడదు."

"మాకు మైల లేదు" అన్నాను. "నేను మెట్టు మీదే ఉంటాను."

వెనుక తలుపు చాటున కోడలు నిలబడి వింటోంది. నేను ఇంటికి వచ్చి, పొయ్యిలోంచి నిప్పులు మూకుట్లోకి తీశాను. కొబ్బరి పీచు వేశాను. ఇంట్లో సాంబ్రాణి పొట్లం ఉంది. పెద్దమ్మ చేత్తో కట్టిన పొట్లమే. మా అమ్మాయి విసనకర్ర తీసుకుని వెంట వచ్చింది.

వాళ్ళ మెట్టు కూడా నాపరాయే. అరిగి మధ్యలో పల్లంగా ఉంది. దాని మీద నిలబడ్డాను. సాంబ్రాణి చిలకరించాను. మా అమ్మాయి విసరడం మొదలుపెట్టింది. మొదట ఉత్త నిప్పురవ్వలు లేచాయి.

"మెల్లగా" అన్నాను. "నిప్పు కొంచెం, ఓపిక ఎక్కువ."

"నాకు తెలుసు నాన్నా. అమ్మమ్మ చెప్పింది."

పొగ లేచింది. కొట్లో బస్తాల మీదుగా పోయి లోపలి తలుపు దగ్గర ఆగింది. అప్పుడు కోడలు వచ్చి, మా వైపు చూడకుండా, ఆ తలుపు తెరిచింది. దాని వెనుక ఇంకొక తలుపు ఉన్నట్టుంది. అదీ తెరిచిన చప్పుడైంది. తర్వాత ఇంకొకటి. పెద్దమ్మ ఏ గదిలో పడుకునేదో, ఏ మూల దీపం పెట్టుకునేదో నేనెన్నడూ చూడలేదు. ఇప్పుడూ నాకు చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. పొగ మాత్రం లోపలికి, ఇంకా లోపలికి పోతూనే ఉంది.

కొంతసేపటికి వెనుక గది పెంకుల సందుల్లోంచి సన్నగా బయటపడి పైకి లేచింది. గాలి మా ఇంటి వైపు కొడుతోంది. మా అమ్మాయి విసనకర్ర నా చేతిలో పెట్టి, పరుగెత్తుకు వెళ్ళి, మా కిటికీలు తెరిచింది.